వేడిని తట్టుకునే గోధుమ, దాని అడవి చుట్టాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోధుమ బ్రీడింగ్ గురించి, అంటే మొక్కల్ని కలిపి, ఏరి కొత్త రకాలు తీయడం గురించి మాట్లాడినప్పుడల్లా ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటాయి, అందుకే అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నా. సైన్స్ చదవని వాళ్లకి కూడా అర్థమవ్వాలని మామూలు మాటల్లోనే రాశాను, కొన్నిచోట్ల కాస్త లోతుకి వెళ్లాను ఎందుకంటే అసలు కష్టమంతా అక్కడే ఉంది.

గోధుమకి వేడి అంటే అంత ఇబ్బంది ఎందుకు? ఎండ లేకుండా ఏ పంటా పండదు కదా?

ఎండ వేరు, వేడి వేరు అండి. వెలుతురు ఎంతున్నా గోధుమకి మంచిదే, కానీ అది చల్లటి వాతావరణం కోరుకునే పంట, గింజ నిండే టైంలో 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే దానికి బాగుంటుంది. అంతకంటే వేడి పెరిగేకొద్దీ మొక్క తొందరపడిపోతుంది, అంటే పాలు పోసుకున్న దగ్గర్నుంచి గింజ ముదిరేదాకా ఉండాల్సిన రోజులు తగ్గిపోతాయి, ఆ తక్కువ రోజుల్లో గింజలోకి చేరాల్సిన పిండి చేరదు, చివరికి చేతికొచ్చేది నొక్కులు పడ్డ తేలిక గింజ.

ఇంకో దెబ్బ అంతకంటే ముందే పడుతుంది. కంకి ఇంకా పొట్టలో ఉండగా, పూతకి ఓ వారం పది రోజుల ముందు పుప్పొడి తయారవుతూ ఉంటుంది, అప్పుడు 30 డిగ్రీలు దాటిన వేడి తగిలితే పుప్పొడి గొడ్డుబోతుంది. కంకి బయటికొచ్చాక చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ గింజ కట్టదు. ఆకులో కూడా ఒక సమస్య ఉంది, గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే రుబిస్కో అనే ఎంజైమ్‌ని ఎప్పటికప్పుడు పని చేయించేది రుబిస్కో యాక్టివేజ్ అనే ఇంకో ప్రోటీన్, గోధుమలో ఇది వేడికి తొందరగా దెబ్బ తింటుంది. గింజలో పిండి తయారు చేసే స్టార్చ్ సింథేజ్ ఎంజైమ్ కూడా అంతే. రాత్రి వేడి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ అదీ తక్కువేం కాదు, రాత్రిళ్లు వేడిగా ఉంటే మొక్క పగలు సంపాదించుకున్న చక్కెరని శ్వాసలోనే ఖర్చు పెట్టేసుకుంటుంది.

నష్టం ఎంత ఉంటుంది?

2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో పంట ఎలా పెరుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే 30 మోడల్స్‌ని కలిపి చూస్తే, సగటు ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా ప్రపంచ గోధుమ ఉత్పత్తి దాదాపు 6 శాతం తగ్గుతుందని తేలింది. ప్రపంచంలో మనుషులు తినే కేలరీల్లో, ప్రోటీన్‌లో సుమారు ఐదో వంతు ఈ ఒక్క గింజ నుంచే వస్తుంది కాబట్టి ఆ 6 శాతం చిన్న నంబర్ కాదు. పైగా ఇది సగటు, నష్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, గింజ నిండే సమయానికే వేడి గాలులు మొదలయ్యే ప్రాంతాల్లో ఒక్క చెడ్డ వారం చాలు. 2022 మార్చిలో ఉత్తర భారతంలో, పాకిస్తాన్‌లో జరిగింది సరిగ్గా ఇదే, గింజ నిండే టైంకి వడగాలులు వచ్చాయి, ఆ మే నెలలో భారత ప్రభుత్వం గోధుమ ఎగుమతులు ఆపేసింది.

అడవి చుట్టాలు అంటే ఏవి?

గోధుమకి దగ్గరి రక్తసంబంధం ఉండి, ఎవరూ విత్తకుండా కొండల మీద, బంజర్లలో, పొలం గట్ల మీద వాటంతట అవే పెరిగే గడ్డి జాతులు. చాలావాటిని చూస్తే గోధుమ అని అనిపించదు, సన్నటి కాడ, పీలగా ఉండే కంకి, పండగానే విరిగి రాలిపోయే గింజ.

ఈ చుట్టరికం అర్థం కావాలంటే గోధుమ పుట్టుక కథ కొంచెం చెప్పాలి. మనం రొట్టె చేసుకునే గోధుమలో మూడు వేర్వేరు గడ్డి మొక్కల జీనోమ్‌లు, అంటే ఒక్కో మొక్క జీన్స్ మొత్తం సెట్లు, ఉన్నాయి, వాటికి ఏ, బీ, డీ అని పేర్లు. ఏ జీనోమ్ ట్రిటికమ్ ఉరార్టు అనే అడవి గోధుమది. బీ జీనోమ్ ఇచ్చింది ఈజిలాప్స్ స్పెల్టాయిడెస్‌కి దగ్గరి బంధువైన ఒక గడ్డి. ఈ రెండూ అడవిలోనే కలిసి వైల్డ్ ఎమ్మర్ అనే మొక్క పుట్టింది, దాన్ని పశ్చిమాసియాలో తొలి రైతులు సాగులోకి తెచ్చుకున్నారు, పాస్తాకి వాడే డ్యూరమ్ గోధుమ ఆ వంశమే. ఆ తర్వాత, అంటే ఇప్పటికి ఓ 8 నుంచి 10 వేల ఏళ్ల కింద, కాస్పియన్ సముద్రానికి దక్షిణంగా ఉన్న ప్రాంతంలో సాగులో ఉన్న ఎమ్మర్ పొలాల్లోకి ఈజిలాప్స్ టాషీ అనే కలుపు గడ్డి పుప్పొడి వచ్చి పడింది, డీ జీనోమ్ అలా చేరింది. 28 క్రోమోజోములు ఉన్న మొక్క కాస్తా 42 క్రోమోజోములది అయింది. ఎవరూ ప్లాన్ చేసింది కాదు, పొలంలో దానంతట అది జరిగింది, అయినా ఇవాళ ప్రపంచంలో పండే గోధుమలో చాలా పెద్ద భాగం దాని సంతానమే. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు కొత్తగానే ఉంటుంది.

వీటికంటే దూరపు చుట్టాలు కూడా ఉన్నాయి, రై అనే ధాన్యం, థైనోపైరమ్, లేమస్ అనే గడ్డి జాతులు లాంటివి. ఎంత దూరపు చుట్టం అయితే క్రాస్ చేయడం, అంటే ఒకదాని పుప్పొడితో ఇంకోదానికి గింజ కట్టించడం, అంత కష్టం.

ఇప్పటికే వేల రకాల గోధుమలు ఉన్నాయి కదా, వాటిల్లోనే వేడి తట్టుకునేది వెతుక్కోవచ్చుగా?

వెతుకుతున్నారు, నాటు రకాల్లో మంచివి దొరికాయి కూడా. కానీ పైన చెప్పిన పుట్టుకలోనే చిక్కు ఉంది. ఆ పొలంలో కలయిక జరిగింది చాలా కొద్దిసార్లే, అంటే ఈజిలాప్స్ టాషీ జాతి మొత్తంలోంచి పిడికెడు మొక్కల జీన్సే మన గోధుమలోకి వచ్చాయి. ఆ గడ్డేమో టర్కీ వైపు నుంచి కాస్పియన్ తీరం, మధ్య ఆసియా మీదుగా చైనా దాకా పరుచుకుని ఉంది, ఎడారి అంచుల్లో బతికేవి ఉన్నాయి, చలి కొండల్లో బతికేవి ఉన్నాయి. అంత వైవిధ్యం బయటే ఉండిపోయింది. అందుకే రొట్టె గోధుమలో మూడు జీనోమ్‌లలోకీ డీ జీనోమే బాగా బీదది.

తర్వాత మనుషులు ఇంకా తగ్గించారు. గింజ రాలనిది, పొట్టు తేలిగ్గా ఊడేది, పొట్టిగా ఉండేది, ఎరువుకి బాగా స్పందించేది అంటూ ఏరుకుంటూ వచ్చారు, అది తప్పు కాదు, కడుపు నిండాలంటే చేయాల్సిందే, కాకపోతే ఏరిన ప్రతిసారీ కొన్ని జీన్స్ పక్కకి పోయాయి. ఆ పోయినవాటిలో వేడికి పనికొచ్చేవి ఉన్నాయా అనేదే ఇప్పుడు వెతుకులాట.

అడవి గడ్డి అంతా వేడిని తట్టుకుంటుందా?

లేదు. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. అడవిలో బతుకుతోంది కాబట్టి మొండిది, మొండిది కాబట్టి వేడికి ఆగుతుంది అనుకుంటారు. కానీ ఈ జాతులు పుట్టిన చోట వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా మండిపోతుంది, చాలా మొక్కలు ఏం చేస్తాయంటే ఆ ఎండలు ముదరకముందే గబగబా పూసి, గింజ రాల్చేసి చచ్చిపోతాయి. అది వేడిని తట్టుకోవడం కాదు, తప్పించుకోవడం. తప్పించుకునే గుణం కూడా కొన్నిచోట్ల పనికొస్తుంది కానీ తొందరగా ముగిసే పంటకి దిగుబడి తక్కువ.

నిజంగా తట్టుకునేవి కావాలంటే ఒక్కో శాంపిల్‌ని పరీక్ష పెట్టి చూడాల్సిందే, ఒకే జాతిలో కూడా ఒక కొండ మీద తెచ్చిన విత్తనానికి ఇంకో లోయలో తెచ్చిన విత్తనానికి ఎంతో తేడా ఉంటుంది. ఈజిలాప్స్ జాతుల్ని పక్కపక్కన పెట్టి వేడిలో పెంచి చూసిన ప్రయోగాల్లో ఈజిలాప్స్ స్పెల్టాయిడెస్, ఈజిలాప్స్ జెనిక్యులాటా మిగతావాటికంటే బాగా నిలబడ్డాయి. విత్తనాలు దాచిపెట్టే జీన్ బ్యాంకుల్లో వేల శాంపిల్స్ ఉంటాయి కదా, అన్నీ పరీక్షించే ఓపిక, డబ్బు ఎవరికీ ఉండవు, అందుకని ఇకార్డా అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ వాళ్లు ఫిగ్స్ అనే ఒక పద్ధతి వాడతారు, విత్తనం ఎక్కడ సేకరించారో ఆ చోటి వాతావరణ రికార్డులు చూసి, వేడి బాగా తగిలే చోట్ల నుంచి వచ్చినవాటినే ముందు ఏరుకుంటారు. తెలివైన పని అనిపిస్తుంది నాకు, అయితే సేకరించిన రోజున ఆ మనిషి ఊరు, ఎత్తు, తేదీ సరిగ్గా రాసి పెట్టి ఉంటేనే ఇది కుదురుతుంది.

రెండిటినీ కలపడం ఎలా? గోధుమ కంకి మీద అడవి పుప్పొడి చల్లేస్తే సరిపోదా?

కొన్నిటికి సరిపోతుంది. వైల్డ్ ఎమ్మర్‌ని డ్యూరమ్‌తో క్రాస్ చేయడం పెద్ద కష్టం కాదు. ఈజిలాప్స్ టాషీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కువగా వాడేది చుట్టు దారి, వేల ఏళ్ల కింద పొలంలో జరిగినదాన్నే చేత్తో మళ్లీ చేయడం.

ముందు డ్యూరమ్ గోధుమ పువ్వుల్లోంచి కేసరాలు చిన్న పట్టకారుతో తీసేస్తారు, కంకికి కవర్ తొడుగుతారు, తర్వాత ఈజిలాప్స్ టాషీ పుప్పొడి అద్దుతారు. పిండం కడుతుంది కానీ దానికి తిండి పెట్టే ఎండోస్పెర్మ్ సరిగ్గా ఎదగదు, వదిలేస్తే చచ్చిపోతుంది, అందుకని ఇంకా పచ్చిగా ఉండగానే గింజ కోసి ఆ చిన్న పిండాన్ని బయటికి తీసి ల్యాబ్‌లో పోషకాల జెల్ మీద పెంచుతారు, దీన్నే ఎంబ్రియో రెస్క్యూ అంటారు. అలా బతికిన మొక్కలో డ్యూరమ్ నుంచి 14, గడ్డి నుంచి 7, మొత్తం 21 క్రోమోజోములు ఉంటాయి, వేటికీ జత ఉండదు కాబట్టి అది గొడ్డు మొక్క. దానికి కొల్చిసిన్ అనే మందు ఇస్తే క్రోమోజోములు రెట్టింపై 42 అవుతాయి, అప్పుడు విత్తనం కడుతుంది. దీని పేరు సింథటిక్ గోధుమ. పేరు విని కెమికల్ అనుకోకండి, రొట్టె గోధుమని మళ్లీ కొత్తగా కట్టారు కాబట్టి ఆ పేరు, అంతే.

జపాన్‌లో కిహారా, అమెరికాలో మెక్‌ఫాడెన్, సియర్స్ 1940లలో, యుద్ధం నడుస్తుండగా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే డీ జీనోమ్ ఈ గడ్డిదే అని తేల్చారు. బ్రీడింగ్ కోసం పెద్ద ఎత్తున సింథటిక్స్ తయారు చేసింది మాత్రం మెక్సికోలోని సిమిట్ అనే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ, 1980ల నుంచి వెయ్యికి పైగా చేశారు.

దూరపు చుట్టాలతో ఏంటి కష్టం?

గోధుమలో 5బీ క్రోమోజోము మీద పీహెచ్1 అనే ఒక కాపలాదారు ఉంది. మూడు జీనోమ్‌లు ఒకే కణంలో ఉన్నాయి కదా, ప్రతి క్రోమోజోమూ దాని సొంత జతతోనే కలవాలి, వేరే జీనోమ్‌లో ఉన్న పోలికగల దాంతో కలిస్తే అంతా గందరగోళం, ఆ గందరగోళం రాకుండా చూసేదే పీహెచ్1. గోధుమ స్థిరంగా ఉండేది దాని వల్లే. అదే కాపలా అడవి క్రోమోజోముని కూడా గోధుమ క్రోమోజోముతో ముక్కలు మార్చుకోనివ్వదు. సియర్స్ 1977లో ఈ కాపలా పని చేయని మ్యూటెంట్‌ని, అంటే ఆ జీన్ చెడిపోయిన గోధుమ మొక్కని ఇచ్చారు, బ్రీడర్లు దాన్ని ఆ క్రాసింగ్ జరిగినంతసేపు వాడుకుని, పని అయ్యాక మళ్లీ మామూలు పీహెచ్1 ఉన్న మొక్కల్లోకి వచ్చేస్తారు.

ఇది జీఎం (జన్యు మార్పిడి) గోధుమ కిందకి వస్తుందా?

రాదు. బయటి జీన్‌ని ల్యాబ్‌లో అతికించడం ఉండదు, పుప్పొడి, కంకి, ఏరివేత ఇవే. అర్జెంటీనాలో 2020లో అనుమతి వచ్చిన హెచ్‌బీ4 గోధుమ జీఎం, అందులో పొద్దుతిరుగుడు జీన్ ఉంది, అది కరువు కోసం చేసింది, ఆ దారి వేరు, ఈ దారి వేరు.

అడవి మొక్క చెడ్డ గుణాలు కూడా వచ్చేస్తాయి కదా?

వస్తాయి, ఖచ్చితంగా వస్తాయి. సింథటిక్ గోధుమని పొలంలో చూస్తే ఎవరూ ఇంటికి తీసుకెళ్లాలనుకోరు, పొట్టు గింజకి గట్టిగా అంటుకుని నూర్పిడికి లొంగదు, దిగుబడి తక్కువ. అందుకే దాన్ని మంచి సాగు రకంతో క్రాస్ చేస్తారు, వచ్చిన పిల్లల్ని మళ్లీ అదే సాగు రకంతో కలుపుతారు, దీన్ని బ్యాక్‌క్రాస్ అంటారు, ప్రతిసారీ అడవి భాగం సగానికి పడిపోతుంది, 50 కాస్తా 25, తర్వాత 12.5 అలా.

సమస్య ఎక్కడంటే జీన్స్ ఒంటరిగా రావు, క్రోమోజోము ముక్కగా వస్తాయి. మనకి కావాల్సిన జీన్ పక్కనే అక్కర్లేనిది ఉంటే రెండూ కలిసే వస్తాయి, బ్రీడర్లు దీన్ని లింకేజ్ డ్రాగ్ అంటారు. రై నుంచి వచ్చిన 1ఆర్ఎస్ అనే క్రోమోజోము భుజం దీనికి మంచి ఉదాహరణ. అది కుంకుమ తెగుళ్లకి నిరోధం ఇచ్చింది, చాలా దేశాల్లో దిగుబడి కూడా పెంచింది, కానీ దాంతోపాటు పిండి ముద్ద జిగటగా తయారై రొట్టె నాణ్యత తగ్గింది. ఇంకో సంగతి, ఆ ముక్కలో ఉన్న ఎస్ఆర్31 అనే నిరోధక జీన్‌ని ప్రపంచమంతా నమ్ముకుని కూర్చుంటే, ఉగాండాలో 1990ల చివర్లో యూజీ99 అనే కొత్త కుంకుమ తెగులు వచ్చి దాన్ని దాటేసింది. ఒక్క జీన్ మీద అంత భారం పెట్టకూడదని అప్పుడు అందరికీ బాగా తెలిసొచ్చింది.

కొన్నిసార్లు మంచి గుణాలే ఒకదానికొకటి అడ్డుపడతాయి. వైల్డ్ ఎమ్మర్‌లో జీపీసీ-బీ1 అనే జీన్ ఉంది, 2006లో దాన్ని పట్టుకున్నారు, అది గింజలో ప్రోటీన్, జింక్, ఐరన్ పెంచుతుంది. ఎలా పెంచుతుందంటే ఆకుల్ని తొందరగా పండించి వాటిల్లో ఉన్న సత్తువంతా గింజలోకి తోడేస్తుంది. వేడి కోసం చూసేవాళ్లు సాధారణంగా కోరుకునేది దీనికి రివర్స్, వేడిలో కూడా ఆకు ఎక్కువ రోజులు పచ్చగా ఉండాలి. రెండూ కావాలంటే ఎంత జాగ్రత్తగా తూకం వేయాలో మీరే ఊహించుకోండి.

వేడిని తట్టుకునే జీన్ అని ఒకటి ఉంటుందా? దాన్ని పట్టుకుంటే అయిపోతుందా?

తెగుళ్ల విషయంలో అలా జరుగుతుంది, ఒక్క జీన్‌తో మొక్క నిలబడటం మామూలే. వేడి అలా కాదు. పుప్పొడి చచ్చిపోకుండా ఉండటం ఒక గుణం, పిండి ఎంజైమ్ ఆగకుండా ఉండటం ఇంకోటి, కణాల పొర కారిపోకుండా ఉండటం, ఆకు మీద మైనం పూత, లోతుకి వెళ్లే వేర్లు, రుబిస్కో యాక్టివేజ్ ఎంత వేడి దాకా పని చేస్తుందనేది, కాండంలో దాచుకున్న చక్కెర కష్టకాలంలో గింజకి పంపడం, ఇలా ఎన్నో, ఒక్కోదాని వెనక ఎన్నో చిన్న చిన్న జీన్స్. ఒక్కటి దొరికితే అంతా మారిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. చిన్న చిన్న లాభాలు ఒకే మొక్కలోకి పోగు చేసుకుంటూ రావాలి.

మరి ఏ మొక్క తట్టుకుంటోందో ఎలా కనిపెడతారు?

అన్నింటికంటే సులువైన, నమ్మదగిన పద్ధతి ఆలస్యంగా విత్తడం. మెక్సికోలో సొనోరా రాష్ట్రంలోని ఒబ్రెగాన్ దగ్గర సిమిట్ పొలాలు ఉన్నాయి, అక్కడ మామూలుగా నవంబర్, డిసెంబర్‌లో విత్తుతారు, వేడి పరీక్షకి మాత్రం ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో విత్తుతారు, అప్పుడు పూత, గింజ రెండూ మండే ఎండల్లో పడతాయి. నీళ్లు మాత్రం బాగా పెడతారు, ఎందుకంటే నీళ్లు లేక ఎండిందా వేడికి ఎండిందా అనే అనుమానం రాకూడదు. దీన్ని గ్రీన్‌హౌస్‌లో చేసేస్తే సరిపోతుంది కదా అని అడుగుతుంటారు, కుండీలో వేరు కుండీ అడుగుదాకే వెళ్తుంది, పొలంలో వేరు లోతుకి వెళ్లి నీళ్లు తెచ్చుకుని ఆకుని చల్లబరుచుకుంటుంది, ఆ తేడా కుండీలో కనపడదు.

ఆ చల్లదనాన్నే కొలుస్తారు కూడా. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మడి వైపు చూపిస్తే పైరు ఉష్ణోగ్రత ఎంతో చెప్పేస్తుంది, పక్కపక్క మడుల్లో ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉన్నది వేడిలో బాగా దిగుబడి ఇచ్చే అవకాశం ఎక్కువ. ఇప్పుడు డ్రోన్‌తో వందల మడుల్ని ఒక్కసారే ఫోటో తీసేస్తున్నారు. చివరికి మాత్రం కోసి, నూర్చి, తూకం వేయాల్సిందే.

అసలు పొలంలో ఇది పని చేసిందా? లేక పేపర్ల మీదేనా?

చేసింది. నాకు బాగా నమ్మకం కలిగించింది 2023లో వచ్చిన ఒక అధ్యయనం. సిమిట్, ఇంగ్లండ్‌లోని ఎర్ల్‌హమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 149 గోధుమ లైన్లు, అంటే బ్రీడర్లు విడివిడిగా పెంచుకునే వంశాలు, తీసుకున్నారు, వాటిల్లో మంచి సాగు రకాలు ఉన్నాయి, అడవి చుట్టాల నుంచి, నాటు రకాల నుంచి జీన్స్ వచ్చినవి ఉన్నాయి. సొనోరా ఎడారి ప్రాంతంలో రెండేళ్లు పండించారు, కొన్నిటిని టైంకి విత్తి, కొన్నిటిని ఆలస్యంగా విత్తి వేడికి గురి చేశారు. వేడిలో ఆ బయటి జీన్స్ ఉన్నవి లేనివాటికంటే 50 శాతం దాకా ఎక్కువ దిగుబడి ఇచ్చాయి. ఆ లాభం ఇచ్చిన ముక్కల్లో ఈజిలాప్స్ టాషీ నుంచి వచ్చినది ఒకటి. ఇంతకంటే పెద్ద విషయం ఏంటంటే, మామూలు వాతావరణంలో అవి వెనకబడలేదు.

వేరే ఉదాహరణలు కూడా ఉన్నాయి. చైనాలోని సిచువాన్‌లో 2003లో విడుదలైన చువాన్‌మై 42 అనే రకం సింథటిక్ గోధుమ నుంచి వచ్చిందే, దానికి పేరొచ్చింది దిగుబడి వల్ల. మొరాకోలో జబల్ అనే డ్యూరమ్ రకం ఉంది, జబల్ అంటే అరబిక్‌లో కొండ, దాన్ని ఇకార్డా వాళ్లు అడవి చుట్టంతో క్రాస్ చేసి తీశారు, చుట్టూ పైరు ఎండిపోయిన కరువులో అది కంకులు వేసి నిలబడటం రైతులే చూశారు. కరువు, వేడి రెండూ ఒకటి కాదు గానీ పొలంలో తరచుగా చేతులు పట్టుకునే వస్తాయి.

వేడి లేని ఏడాది దిగుబడి తగ్గిపోతుందేమో అని రైతు భయపడితే?

ఆ భయం న్యాయమైనదే. ఏ రైతూ ఎప్పుడో వచ్చే చెడ్డ ఏడాది కోసం ప్రతి మంచి ఏడాదీ నష్టపోలేడు. పైన చెప్పిన 2023 ఫలితం అందుకే ముఖ్యం. బ్రీడర్లు కూడా ఇప్పుడు రెండు రకాల మడుల్లోనూ నిలబడ్డవాటినే ముందుకి తీసుకెళ్తారు.

ఎన్నేళ్లు పడుతుంది?

అడవి మొక్క నుంచి మొదలుపెడితే పదేళ్లు మామూలు, పదిహేను అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందులో మొదటి సగాన్ని ప్రీ బ్రీడింగ్ అంటారు, అంటే అడవి విత్తనం నుంచి బ్రీడర్ చేతికి ఇవ్వదగ్గ లైన్ తయారు చేయడం. దీనికి పేరు రాదు, అమ్ముకోవడానికి రకం ఉండదు, కాబట్టి ప్రైవేట్ కంపెనీలు ఆసక్తి చూపడం తక్కువ, రెండు మూడేళ్ల గ్రాంట్లలో ఇది ఇమడదు. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో బలహీనమైన లింక్ ఇదే. జీన్ బ్యాంకులో విత్తనం ఉంటుంది, ఇంకో చివర బ్రీడర్ ఉంటాడు, మధ్యలో ఏళ్ల తరబడి ఓపిగ్గా క్రాసులు చేసే మనిషికి జీతం ఎవరిస్తారు అనేదే ప్రశ్న. పబ్లిక్ డబ్బు లేకుండా ఈ పని నడవదు, ఈ మాట గట్టిగానే అంటాను.

కొంచెం టైం తగ్గించే పద్ధతులు వచ్చాయి. రోజుకి 22 గంటలు లైట్ వేసి పెంచే స్పీడ్ బ్రీడింగ్‌తో వసంతకాలపు గోధుమని ఏడాదికి ఆరు తరాల దాకా తీయొచ్చు. ఏ ముక్క ఉందో పట్టించే డీఎన్ఏ గుర్తులతో (మార్కర్లతో) మొలక దశలోనే అక్కర్లేని ముక్క ఉన్నవాటిని పీకి పారేయొచ్చు. కానీ పొలంలో వేడి పరీక్ష మాత్రం సీజన్ వస్తేనే జరుగుతుంది, దానికి షార్ట్‌కట్ లేదు.

జీన్‌ని ఉన్నచోటే మార్చేసే జీనోమ్ ఎడిటింగ్ వచ్చేసింది కదా, ఇంకా ఈ క్రాసులు ఎందుకు?

ఎడిట్ చేయాలంటే ఏది ఎడిట్ చేయాలో ముందు తెలియాలి. గోధుమ జీనోమ్ మనిషి జీనోమ్‌కి ఐదు రెట్లు పైనే, దాదాపు 1,700 కోట్ల డీఎన్ఏ అక్షరాలు, ఆ వరుస మొత్తం చదివిన పూర్తి రిఫరెన్స్ 2018కి గానీ రాలేదు. వైల్డ్ ఎమ్మర్, ఈజిలాప్స్ టాషీ జీనోమ్‌లు 2017లో వచ్చాయి. వేడికి సంబంధించి పదుల చిన్న జీన్స్ కలిసి పని చేస్తుంటే, అవేంటో మనకి ఇంకా పూర్తిగా తెలియకపోయినా క్రాసింగ్ వాటిని కట్టగా తీసుకొస్తుంది. రెండూ పోటీ కాదు, అడవి మొక్కలో కనపడిన మంచి జీన్‌నే రేపు ఎడిటింగ్‌తో సాగు రకంలో మార్చుకోవచ్చు, అప్పుడు లింకేజ్ డ్రాగ్ బెడద కూడా ఉండదు.

అడవి చుట్టాలు వేడికి తప్ప ఇంకేం ఇవ్వవా?

ఇస్తాయి, ఇప్పటిదాకా ఎక్కువగా ఇచ్చింది తెగుళ్ల నిరోధమే. ఈజిలాప్స్ వెంట్రికోసా నుంచి వచ్చిన 2ఎన్ఎస్ అనే ముక్క గోధుమ బ్లాస్ట్ అనే తెగులుకి అడ్డుకట్ట, 2016లో బంగ్లాదేశ్‌లో బ్లాస్ట్ వచ్చాక ఆ మరుసటి ఏడాదే విడుదల చేసిన బారి గోమ్ 33 అనే రకంలో ఉన్నది అదే ముక్క.

ఈ విత్తనాలు ఎక్కడ ఉంటాయి, ఎవరివి?

సిమిట్, ఇకార్డా, రష్యాలోని వావిలోవ్ ఇన్‌స్టిట్యూట్, ఇంకా చాలా దేశాల జీన్ బ్యాంకుల్లో. 2004 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ మొక్కల జన్యు వనరుల ఒప్పందం కింద గోధుమ, దాని బంధువులు ఉన్నాయి, ఒక స్టాండర్డ్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి పరిశోధనకి తెచ్చుకోవచ్చు.

వీటిని కాపాడినవాళ్ల గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. పంటలు ఎక్కడ పుట్టాయో ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన వావిలోవ్ 1943లో సరటోవ్ జైల్లో చనిపోయారు. అదే కాలంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆయన సంస్థ ఉద్యోగులు కొందరు చుట్టూ తినగలిగే విత్తనాలు బస్తాలుగా ఉన్నా వాటిని ముట్టుకోకుండా ఆకలితో చనిపోయారు. మన కాలంలో సిరియా యుద్ధం వచ్చినప్పుడు అలెప్పో దగ్గరున్న ఇకార్డా జీన్ బ్యాంకు చేజారిపోయింది, అదృష్టం ఏంటంటే అంతకుముందే లక్షకి పైగా శాంపిల్స్ కాపీలు నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన గిడ్డంగికి పంపేశారు, 2015లో అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకుని లెబనాన్, మొరాకోల్లో మళ్లీ పెంచారు. ఆ గిడ్డంగి నుంచి విత్తనాలు వెనక్కి తీసుకోవడం అదే మొదటిసారి.

గిడ్డంగిలో భద్రంగా ఉన్నాయిగా, ఇంక కొండ మీద ఉన్నవాటిని కాపాడటం ఎందుకు?

ఫ్రీజర్‌లో ఉన్న విత్తనం సేకరించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. కొండ మీద ఉన్న మొక్క ప్రతి ఏడాదీ పెరుగుతున్న వేడిని ఎదుర్కొంటూ తరం తరం మారుతూ ఉంటుంది, ఆ మార్పే రేపు మనకి కావాల్సింది. పైగా సేకరించింది ఎప్పటికీ కొంచెమే, ఈజిలాప్స్ టాషీలో జార్జియా ప్రాంతానికే పరిమితమైన ఒక ప్రత్యేక వంశం ఉందని, రొట్టె గోధుమలో దాని ముక్కలు కూడా ఉన్నాయని ఈమధ్య జీనోమ్‌లు చదివాకే తెలిసింది. ఆర్మేనియాలో యెరవాన్ దగ్గర ఎరెబూని అనే రిజర్వ్‌ని 1981లో కేవలం అడవి గోధుమల కోసమే పెట్టారు, అలాంటివి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాచోట్ల మేకల మేతకి, రోడ్లకి, ఇళ్లకి ఆ కొండ వాలులు పోతూనే ఉన్నాయి, అక్కడ నిలబడి చూసేవాళ్లకి అది మామూలు గడ్డిలాగే కనిపిస్తుంది మరి.

ఇదొక్కటి చేస్తే వేడి సమస్య తీరిపోతుందా?

తీరదు. ఇంకొంచెం ముందుగానే విత్తడం, నేలలో తేమ నిలిపే పద్ధతులు, గింజ నిండే టైంలో ఒక తడి, ఇవన్నీ కావాలి. అడవి జీన్స్ ఉన్న రకం కూడా ఒక హద్దు వరకే, పూత రోజున 40 డిగ్రీలు పడితే అది కూడా నష్టపోతుంది, కాకపోతే పక్క మడి పూర్తిగా తాలు అయిన చోట దీనికి కొంత గింజ మిగులుతుంది. ఆ కొంత ఎంత అనేది పెంచడానికే ఇప్పుడు ఆలస్యంగా విత్తిన మడుల్లో, మండే ఎండలో, థర్మామీటర్లు పట్టుకుని మనుషులు తిరుగుతున్నారు.